స్మార్ట్ వాచీ, జబ్బకు అంటించే సెన్సర్ చూపే అంకెల్లో వైద్యునికి చూపదగినవి ఏవి?

కొత్తసభ్యుడు:

నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. చాలా కాలంగా మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. కొన్ని నెలలుగా స్మార్ట్ వాచీ పెట్టుకుంటున్నారు. ఈ మధ్య వైద్యుని సలహాపై జబ్బకు అంటించుకునే గ్లూకోజు సెన్సర్ కూడా వాడుతున్నారు. రెండూ కొన్నది నేనే కనుక వాటి అంకెలకు అర్థం చెప్పవలసిన బాధ్యత కూడా నా మీదే పడింది. నాకేమో ఆ అర్థం అంతుపట్టడం లేదు.

వాచీ రక్తపోటును దాదాపు ఎప్పుడూ 130కి అటూ ఇటూగా చూపిస్తుంది. చేతికి పట్టీ చుట్టి గాలి ఎక్కించే యంత్రంతో చూస్తే ఉదయం పూట 150 దాటుతోంది. ఒక రాత్రి రక్తంలో ఆక్సిజన్ 88 శాతమని వాచీ చూపించింది, మనిషి మాత్రం నిశ్చింతగా నిద్రపోతున్నారు. గుండె లయ తప్పినట్లుందని ఒకసారి హెచ్చరిక వచ్చింది. గ్లూకోజు సెన్సర్ మూడు రాత్రులు తెల్లవారుజామున 58కి పడిపోయిందని మోగింది. లేపి వేలి చివర గుచ్చి చూస్తే 97 ఉంది.

నా ప్రశ్నలు రెండు. వీటిలో వైద్యునికి చూపదగినవి ఏవి, పక్కన పెట్టదగినవి ఏవి? రెండోది, చర్మంలా సాగే, కాగితం కన్నా పలుచని సెన్సర్ల గురించి తరచుగా చదువుతున్నాను. అవి వస్తే ఈ తేడాలు తొలగిపోతాయా, లేక ధరించేవారికి హాయిగా ఉండటం వరకేనా వాటి ప్రయోజనం?

నాడీరేఖ:

వైద్య పరికరాల క్రమాంకనం, అంటే పరికరం చూపే విలువను ప్రామాణిక విలువతో సరిచూసి దిద్దడం, నా వృత్తి. ఏ అంకెనైనా నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి నేను ముందుగా చూసేది ఒక్కటే: సెన్సర్ నిజంగా దేన్ని తాకుతోంది, తెర మీద రాసి ఉన్న పేరు దేనిది? ఈ రెండింటి మధ్య ఎన్ని అంచెల ఊహ ఉంటే అంకె అంత బలహీనమవుతుంది.

వాచీ వెనుక మిణుకుమిణుకుమనే ఆకుపచ్చ వెలుగునే తీసుకోండి. సుమారు 530 నానోమీటర్ల దగ్గర ఉండే ఆ కాంతిని రక్తంలోని హీమోగ్లోబిన్ బాగా పీల్చుకుంటుంది కనుక, గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి, తిరిగి వచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెడితే నాడి వేగం వస్తుంది. ఇది ఒకే అంచె కనుక, కదలకుండా కూర్చున్న మనిషిలో వాచీ చూపే నాడి వేగం చాలా వరకు నమ్మదగినదే. చిక్కు ఎక్కడంటే, తిరిగి వచ్చే వెలుగులో నాడితో పాటు మారే భాగం సాధారణంగా నూటికి ఒకటి రెండు వంతులకు మించదు. చెయ్యి ఊగితే వచ్చే మార్పు దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. అందుకే వేగంగా నడిచేటప్పుడు కొన్ని వాచీలు అడుగుల లెక్కనే గుండె లెక్కగా చూపిస్తాయి.

ఆక్సిజన్ శాతానికి అంచెలు పెరుగుతాయి. జపాన్‌కు చెందిన ఇంజనీరు తకువో అవోయాగి 1970లలో కనిపెట్టిన పద్ధతి ఇది: ఒకటి ఎరుపు, మరొకటి కంటికి కనబడని పరారుణం, ఈ రెండు వెలుగుల్లోనూ నాడితో మారే భాగాన్ని మాత్రమే తీసుకొని, వాటి నిష్పత్తి నుంచి హీమోగ్లోబిన్ ఎంత మేరకు ఆక్సిజన్‌తో నిండి ఉందో అంచనా వేయడం. ఆ నిష్పత్తిని శాతంగా మార్చే పట్టికకు సిద్ధాంతం ఒక్కటే ఆధారం కాదు. ఆరోగ్యవంతులైన వ్యక్తులకు ఆక్సిజన్ తగ్గించిన గాలిని ఇచ్చి, వారి ధమని రక్తంతో పోల్చి తయారు చేస్తారు. వేలికి తొడిగే పరికరంలో వెలుగు వేలి గుండా అవతలికి వెళుతుంది, అక్కడ రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. మణికట్టు దగ్గర ఎముక, స్నాయువులు ఎక్కువ, రక్తప్రసరణ తక్కువ, పైగా వెలుగు లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి రావాలి. వాచీ పట్టీ వదులైనా, చెయ్యి ఒంటి కింద పడినా, చలికి చర్మం బిగిసినా అంకె పడిపోతుంది. ఒక్క రాత్రి 88ని పక్కన పెట్టవచ్చు. అదే తగ్గుదల వరుసగా రాత్రులు కనిపించి, దానితో పాటు గట్టి గురక, పగటి మగత ఉంటే మాత్రం నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉందేమో పరీక్షించమని అడగండి.

ఇక రక్తపోటు. మీ వాచీ నాడి తరంగపు ఆకారాన్ని మాత్రమే చూస్తోంది. ఆ ఆకారం నుంచి పీడనాన్ని ఊహిస్తోంది. ఆ ఊహకు పునాదిగా, మొదట్లో మీరు పట్టీ యంత్రంతో చూసి వాచీలో నమోదు చేసిన విలువ ఒకటి ఉండి ఉంటుంది. ఇటువంటి పరికరాలకు ఒక మాయ ఉంది. మనిషి రక్తపోటు చాలా సమయం తన సగటు దగ్గరే ఉంటుంది కనుక, నమోదు చేసిన విలువనే పదే పదే తిరిగి చెప్పే పరికరానికి కూడా సగటు లెక్కల్లో మంచి మార్కులు పడతాయి. ఉదయాన 150కి ఎక్కినప్పుడు ఆ సంగతి కనిపెట్టగలదా అన్నదే అసలు పరీక్ష. మీరు చెప్పినదాన్ని బట్టి మీ వాచీ అందులో తప్పింది. పట్టీ యంత్రాలకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ప్రామాణిక కొలతతో సగటు తేడా 5 మిల్లీమీటర్ల పాదరసం, ఆ తేడాల ప్రామాణిక విచలనం, అంటే తేడాలు ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, 8 మించరాదు. ఆ ప్రమాణం నెగ్గిన యంత్రం 150 అంటే నేను యంత్రాన్నే నమ్ముతాను.

అనుమానం:

పై సమాధానంలో ఒక ముఖ్యమైన విషయం తప్పిపోయింది. ఆక్సిజన్ పట్టికను ఎవరి వేళ్ల మీద తయారు చేశారన్నది చిన్న సంగతి కాదు. 2020 డిసెంబరులో అమెరికా ఆసుపత్రుల రోగుల లెక్కలతో వచ్చిన అధ్యయనంలో, వేలి పరికరం 92 నుంచి 96 శాతం చూపినప్పటికీ ధమని రక్తంలో అసలు విలువ 88 కన్నా తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం కాగా నల్లజాతివారిలో 11.7 శాతం అని తేలింది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా వెలుగును పీల్చుకుంటుంది, దాన్ని సరిగా లెక్కలోకి తీసుకోని పట్టిక ముదురు రంగు చర్మంలో ఆక్సిజన్‌ను ఎక్కువ చేసి చూపుతుంది. అంటే తప్పుడు భయం ఒక్కటే కాదు, తప్పుడు ధైర్యం కూడా ఉంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. వైద్య అనుమతులున్న ఆసుపత్రి పరికరాల సంగతే ఇది అయినప్పుడు వాచీల గురించి వేరే చెప్పనక్కరలేదు.

సన్నపొర:

రెండో ప్రశ్నకు నేను జవాబు రాస్తాను. సాగే ఎలక్ట్రానిక్ పదార్థాల మీద కొన్నేళ్లు ప్రయోగశాలలో పనిచేశాను. ఈ రంగం మీద అభిమానం ఉన్నవాణ్ని కనుక నా మాటల్లో ఆ మొగ్గు కనిపిస్తే మన్నించండి.

మొదట, హాయి వేరు, కచ్చితత్వం వేరు అని మీరు విడదీశారు. చర్మం దగ్గరకు వచ్చేసరికి ఆ విభజన నిలవదు. ఎలక్ట్రానిక్ చిప్పులను తయారు చేసే సిలికాన్ చర్మం కన్నా లక్షల రెట్లు బిరుసైన పదార్థం. చర్మం దాదాపు 30 శాతం వరకు సాగుతుంది, సిలికాన్ ఒక శాతం సాగక ముందే పగులుతుంది. అంత బిరుసు వస్తువును అంత మెత్తని దాని మీద పెడితే, మనిషి కదిలిన ప్రతిసారీ రెండింటి మధ్య జారుడు, ఖాళీ, ఒత్తిడి ఏర్పడతాయి. నాడీరేఖ గారు చెప్పిన, చెయ్యి ఊగితే వచ్చే తప్పుడు మార్పుల్లో పెద్ద భాగం అక్కడే పుడుతుంది. ఆసుపత్రుల్లో ఈసీజీకి జిగురు, తడి జెల్ ఉన్న ఎలక్ట్రోడ్లు వాడటానికి కారణం కూడా ఇదే: చర్మపు పైపొరలోని ఎండిన మృతకణాల గుండా విద్యుత్తు సులభంగా ప్రవహించదు, జెల్ ఆ అడ్డంకిని తగ్గిస్తుంది. జెల్ కొన్ని రోజుల్లో ఎండిపోతుంది, జిగురు దద్దుర్లు పుట్టిస్తుంది. కాబట్టి రోజుల తరబడి నమ్మదగిన సంకేతం కావాలంటే, జెల్ లేకుండానే చర్మపు గీతల్లోకి దిగి అతుక్కునేంత పలుచని పొర కావాలి.

పలుచనైతే చాలా అంటే, బిరుసు విషయంలో చాలా వరకు చాలు. ఒక రేకును వంచడానికి కావలసిన బలం దాని మందపు ఘనాన్ని బట్టి మారుతుంది. అర మిల్లీమీటరు సిలికాన్ పలకను 5 మైక్రోమీటర్లకు పలుచన చేస్తే మందం నూరో వంతవుతుంది, వంగడానికి చూపే ప్రతిఘటన పది లక్షలో వంతుకు పడిపోతుంది. వంగడం ఇలా సాధ్యమైంది. సాగడానికి మరో ఉపాయం కావలసి వచ్చింది. లోహపు తీగలను తిన్నగా గీయకుండా పాము నడకలా మెలికలు తిప్పి రబ్బరు వంటి పొర మీద పరిస్తే, పొర సాగినప్పుడు మెలికలు విప్పుకుంటాయే తప్ప లోహం అంతగా సాగదు. అమెరికా శాస్త్రవేత్త జాన్ రోజర్స్ బృందం 2011లో చర్మం మీద పచ్చబొట్టులా అతికే ఎలక్ట్రానిక్ పొరను ఈ సూత్రాల మీదే చేసి చూపింది. టోక్యో విశ్వవిద్యాలయంలో తకావో సొమేయా బృందం 2017లో ఇంకో దారి పట్టింది. నీటిలో కరిగే పాలిమర్ నూలు మీద బంగారాన్ని పూతగా వేసి, చర్మం మీద ఉంచి నీరు చల్లితే నూలు కరిగిపోయి బంగారు వల ఒక్కటే చర్మానికి అతుక్కుంటుంది. వల కనుక దాని గుండా చెమట ఆవిరైపోతుంది, కింద చర్మం ఉడికిపోదు. నా దృష్టిలో ఇది సాగే గుణం కన్నా పెద్ద మెరుగుదల, ఎందుకంటే వారం రోజులు అంటించి ఉంచే ఏ పట్టీకైనా మొదటి శత్రువు దాని కింద చేరే చెమటే.

ఈ శ్రమ నిజంగా ఎవరికి అక్కరకు వచ్చిందో చెప్పాలంటే నెలలు నిండకుండా పుట్టిన శిశువుల పేరు ముందు చెప్పాలి. వారి చర్మం ఎంత లేతదంటే మామూలు ఎలక్ట్రోడ్ల జిగురు ఊడదీస్తే చర్మమే లేచి వస్తుంది. ఒంటికి తగిలించిన తీగల వల్ల తల్లి ఎత్తుకొని గుండెలకు హత్తుకోవడం కూడా కష్టమవుతుంది. రోజర్స్ బృందమే 2019లో తీగలు, బ్యాటరీ ఏవీ లేని రెండు పలుచని పట్టీలను, ఒకటి ఛాతీ మీద, ఒకటి పాదం మీద అంటించి, ఐసీయూలోని శిశువుల గుండె, శ్వాస, ఆక్సిజన్, ఉష్ణోగ్రతలను నమోదు చేసింది.

అయితే ప్రయోగశాలలో ఫోటోకు అందంగా కనిపించడం వేరు, ఆరు నెలలు పనిచేయడం వేరు. సాగే పొరకు ఎక్కడో ఒకచోట గట్టి చిప్పు, బ్యాటరీ తగిలించాలి. మెత్తదనం ముగిసి గట్టిదనం మొదలయ్యే ఆ సరిహద్దు దగ్గరే తీగలు తెగుతాయి. నా పరికరాల్లో చెడిపోయినవి దాదాపు అన్నీ అక్కడే చెడ్డాయి. రబ్బరు లాంటి పాలిమర్లతో చేసిన సెన్సర్లు సాగదీసి వదిలాక వెంటనే తొలి స్థితికి రావు కనుక, సాగేటప్పుడు ఒక విలువ, కుదించుకునేటప్పుడు ఇంకో విలువ చూపుతాయి. ఉష్ణోగ్రత మారినా సాగినట్లే సంకేతమిచ్చేవి కూడా ఉన్నాయి.

చెమట సెన్సర్ల గురించి ఒక్క మాట. 2016లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ బృందం సోడియం, పొటాషియం, లాక్టేటు, గ్లూకోజులను చెమటలోనే కొలిచే పట్టీని ప్రచురించినప్పుడు ఇక సూదులు అక్కరలేదని చాలామంది రాశారు. చెమటలో గ్లూకోజు రక్తంలో ఉన్నదానిలో నూరో వంతు మాత్రమే ఉంటుంది, చెమట పట్టే వేగంతో, చర్మం మీద ముందే అంటుకొని ఉన్న గ్లూకోజుతో అది మారిపోతుంది. దీనికి భిన్నంగా, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధిని చెమటలోని క్లోరైడును బట్టే నిర్ధారిస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్‌లు, అంతకు మించి ఉంటే వ్యాధి ఉన్నట్లే లెక్క, ఆ పరీక్షకు ప్రామాణిక పద్ధతి 1959 నుంచీ ఉంది. అక్కడ చెమట రక్తానికి ప్రతినిధి కాదు, వ్యాధి లోపం చెమట గ్రంథిలోనే ఉంది. కాబట్టి నాడీరేఖ గారి అంచెల లెక్కతో నేను ఏకీభవిస్తాను: సాగే సెన్సర్ మొదటి అంచెను, అంటే చర్మానికీ పరికరానికీ మధ్య ఉన్న స్పర్శను, బాగుచేస్తుంది. నాడి తరంగం నుంచి రక్తపోటును ఊహించే అంచెను పలుచని పొర బాగుచేయలేదు.

స్టెతస్కోపు:

నేను జనరల్ ఫిజీషియన్‌ని. రోగులు వాచీ తెర చూపిస్తూ రావడం ఇప్పుడు రోజువారీ వ్యవహారమైంది. మీరు చెప్పిన నాలుగింటిలో నేను మొదట చూసేది గుండె లయ హెచ్చరికను.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయదోషంలో గుండె పై గదులు సరిగా ముడుచుకోక రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. వాచీ హెచ్చరిక ఎంతవరకు నిజమో చూడటానికి చేసిన పెద్ద అధ్యయనాల్లో ఒకటి 2019లో ప్రచురితమైన ఆపిల్ హార్ట్ స్టడీ. పాల్గొన్న 4,19,297 మందిలో 0.52 శాతానికి మాత్రమే హెచ్చరిక వచ్చింది. తరువాత ఈసీజీ పట్టీ ధరించి తిరిగి పంపిన 450 మందిలో 34 శాతానికి ఆ దోషం కనిపించింది. మిగిలిన 66 శాతం హెచ్చరికలూ తప్పని అనుకోకండి. ఈ దోషం చాలామందిలో వచ్చి పోతుంటుంది, పట్టీ అంటించిన రోజుల్లో అది రాకపోయి ఉండవచ్చు.

ఒకే హెచ్చరికకు ఇద్దరు మనుషుల్లో ఒకే విలువ ఉండదు. వెయ్యి మందిలో 20 మందికి దోషం ఉందనుకుందాం. పరీక్ష దోషమున్నవారిని, లేనివారిని నూటికి 95 సార్లు సరిగా గుర్తిస్తుందనుకుందాం. 19 నిజమైన హెచ్చరికలతో పాటు, మిగిలిన 980 మందిలో 49 తప్పుడు హెచ్చరికలు వస్తాయి. పాతికేళ్ల ఆరోగ్యవంతునికి హెచ్చరిక వస్తే అది తప్పై ఉండే అవకాశమే ఎక్కువ. 68 ఏళ్లు, మధుమేహం, రక్తపోటు మూడూ ఉన్న మనిషికి వస్తే ఆ లెక్క తిరగబడవచ్చు. ఈ మూడూ లయదోషంతో పాటు పక్షవాతపు ముప్పును పెంచేవే. కాబట్టి ఆ హెచ్చరిక తేదీ, సమయం రాసుకొని వైద్యుని దగ్గరకు వెళ్లండి. వాచీలో వేలు ఆనించి 30 సెకన్ల ఈసీజీ తీసే సౌకర్యం ఉంటే మళ్లీ హెచ్చరిక వచ్చిన క్షణంలో తీయించండి, వైద్యులు కంటితో చదవగలిగేది అది. అయితే అది ఒకే కోణపు ఈసీజీ, గుండెపోటును పట్టలేదు. ఛాతీ నొప్పి వస్తే వాచీ బాగానే ఉందన్నదని ఇంట్లో కూర్చోవద్దు. 1940ల చివర్లో అమెరికా శాస్త్రవేత్త నార్మన్ హోల్టర్ తయారు చేసిన తొలి సంచార ఈసీజీ యంత్రం దాదాపు 38 కిలోలు ఉండేదట. దాన్ని వీపున మోసినవాడి గుండె ఎలా కొట్టుకుందో ఊహించుకోవలసిందే!

ఎక్కువ దోషాలు కనిపెడితే ఎక్కువ మేలు జరుగుతుందన్న నమ్మకం మీద మాత్రం కాస్త అదుపు ఉండాలి. డెన్మార్క్‌లో 70 నుంచి 90 ఏళ్ల 6,004 మందితో చేసిన లూప్ అధ్యయనం 2021లో వచ్చింది. చర్మం కింద అమర్చిన పరికరంతో నిరంతరం గమనించినవారిలో 31.8 శాతానికి, మామూలు పద్ధతిలో చూసినవారిలో 12.2 శాతానికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ బయటపడింది. పక్షవాతం లేదా రక్తపు గడ్డ ఇతర అవయవాలకు చేరడం వంటివి జరిగినవారు వరుసగా 4.5, 5.6 శాతం. ఈ తేడా కాకతాళీయం కాదని చెప్పేంత పెద్దది కాదు. కొద్ది నిమిషాలు వచ్చి పోయే లయదోషానికీ, గంటల తరబడి ఉండేదానికీ ముప్పు ఒకటి కాదనే ఆలోచన అందుకే బలపడింది.

గ్లూకోజు సెన్సర్ విషయానికి వస్తే, దాని సన్నని తంతువు చర్మం కింద కొద్ది మిల్లీమీటర్ల లోతులో కణాల మధ్య ఉండే ద్రవాన్ని తాకుతుంది, రక్తాన్ని కాదు. తంతువు మీది గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గ్లూకోజుతో చర్య జరిపినప్పుడు పుట్టే విద్యుత్ ప్రవాహాన్ని లెక్కిస్తుంది. 1962లో అమెరికా శాస్త్రవేత్త లేలాండ్ క్లార్క్ ప్రతిపాదించిన ఎంజైము ఎలక్ట్రోడ్ వారసులే ఇవన్నీ. రక్తంలో మార్పు ఆ ద్రవానికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కనుక భోజనం తరువాత, నడక తరువాత రెండు అంకెలూ కలవకపోవడం సహజం. మీ తెల్లవారుజాము అంకెకు నాకు తోచే కారణం వేరు. సెన్సర్ ఉన్న చేతి వైపు తిరిగి పడుకుంటే ఒత్తిడికి అక్కడి రక్తప్రసరణ తగ్గి, ఆ చిన్న చోట మాత్రమే గ్లూకోజు పడిపోతుంది. నాన్నగారు ఏ పక్కకు తిరిగి పడుకుంటారు? పారాసిటమాల్ గానీ, ఎక్కువ మోతాదులో విటమిన్ సి గానీ వాడుతున్నారా? కొన్ని రకాల సెన్సర్లలో ఇవి అంకెను తప్పుదారి పట్టిస్తాయి.

ఇంకొక సంగతి. చర్మం గుచ్చకుండానే గ్లూకోజు చూపుతామనే వాచీలు, ఉంగరాలు కొనవద్దు. వాటిలో దేనికీ తమ అనుమతి లేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

కొత్తసభ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నాను, ముందు పరీక్షించి చూద్దామనుకున్నాను. నాన్నగారు ఎడమ పక్కకు తిరిగి పడుకుంటారు, సెన్సర్ ఉన్నదీ ఎడమ జబ్బకే. విటమిన్ సి, పారాసిటమాల్ వాడటం లేదు. గడువు ముగిసిన సెన్సర్ తీసేసి కొత్తది కుడి జబ్బకు అంటించాం. పది రాత్రుల్లో ఒక్కసారే మోగింది. తప్పుడు హెచ్చరికే అనుకుంటూ వేలి రక్తం చూస్తే 66 ఉంది, ఒంటికి చెమట కూడా పట్టి ఉంది. వెంటనే చక్కెర నీళ్లు ఇచ్చాం.

వాచీలో రక్తపోటు చూపించే భాగాన్ని ఆపేశాను. పట్టీ యంత్రంతో ఉదయం, సాయంత్రం చూసి రాస్తున్నాను. గుండె వైద్యుని అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఉంది.

స్టెతస్కోపు:

మొదటి మూడు హెచ్చరికలు ఒత్తిడి వల్ల వచ్చినవని ఇప్పుడు దాదాపుగా తేలింది కానీ, ఈ నాలుగోది నిజమైనది. 70 కన్నా తగ్గడం, పైగా చెమటలు పట్టడం ఆ వయసులో తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. గుండె వైద్యుని కోసం వచ్చే వారం దాకా ఆగవచ్చు, దీని కోసం ఆగవద్దు. మధుమేహానికి మందులు రాసే వైద్యునికి రేపే ఫోన్ చేసి, ఆ రాత్రి ఎన్ని గంటలకు భోజనం చేశారో, ఏ మందు ఎంత మోతాదులో ఎప్పుడు వేసుకున్నారో, సెన్సర్ గ్రాఫుతో పాటు చెప్పండి. రాత్రి మోతాదు తగ్గించవలసి రావచ్చు. ఆ నిర్ణయం వారిదే, మీరు సొంతంగా మార్చవద్దు. అప్పటిదాకా ఒంట్లో వణుకు, చెమట వంటి లక్షణాలుంటే వేలి పరీక్ష కోసం వెతుక్కుంటూ ఆలస్యం చేయకుండా ముందు చక్కెర ఇచ్చి, తరువాత చూడండి.